మా వదిన చెప్పించిన యాట సాక్ష్యం

ముందుగా ఒక మనవి. నా రాత బాగుండదు. ఊరి బడిలో నాలుగక్షరాలు నేర్చుకున్నవాడిని. తర్వాత కుడిచేతి వేళ్ళు రెండు పోయేసరికి ఆ ఉన్న రాత కూడా వంకర తిరిగింది. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ ఉండాలో అక్కడ ఉండవు. మీకంటే ముందు ఈ కాగితాలు చదివి అచ్చుకు సిద్ధం చేసేవారు నన్ను మన్నించాలి. చేతకాని పనికి ఎందుకు దిగానంటే, మా వదిన చనిపోయింది.

కబురు చెప్పింది మా అన్న. నేనిప్పుడు మచ్చ బొల్లారంలో మా బిడ్డ దగ్గర ఉంటున్నాను. పొద్దున పాలు గిన్నెలో పోస్తుంటే ఫోను మోగింది. మా అన్న నాకన్నా తక్కువ మాట్లాడే మనిషి. "తమ్మీ, మీ వదినె మాట్లాడతలేదు" అన్నాడు. అంతే. డాక్టరు చూశాడా, ఊపిరి ఉందా అని నేను అడగలేదు. మా వదిన మాట్లాడటం లేదంటే ఇక అడగడానికి ఏమీ మిగలదు. పాలు పొయ్యి మీద పెట్టాను, మళ్ళీ దించాను, చెప్పులేసుకుని బస్సు కోసం నడిచాను.

మా వదిన పేరున్న మనిషి కాదు. కానీ మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో, ఆ షెడ్లలో పనిచేసినవాళ్ళకు ఆమె తెలుసు. తెలియనివారి కోసం చెబుతాను.

ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నేను పెద్ద పిల్లవాడిని. ఎవరైనా పలకరిస్తే గోడ వైపు చూసేవాణ్ణి. రెండు రోజులు గమనించి, మా అవ్వను అడిగింది. "అత్తా, గీ పిల్లగానికి నోరు ఎప్పటికీ ఉంటదా, అన్నం తినేటప్పుడే పెడ్తరా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, గోడ వైపు తిరిగే. ఆనాటి నుంచి నా మాటలన్నీ ఆమె తన మీద వేసుకుంది. నేను పిల్లను చూడటానికి పోయినప్పుడు అవతలివాళ్ళు నన్ను అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆమే జవాబిచ్చింది. "మావోడు చెడ్డ మాట ఒక్కటి మాట్లాడడు. మంచి మాట సుత మాట్లాడడనుకోండి" అని చెప్పింది. మా ఆవిడ తర్వాత ఎన్నోసార్లు అనేది, "నేను మీ వదినెను జూసి ఒప్పుకున్న" అని.

చాయ్ వేడిగా తాగడం ఆమెకు కుదరలేదు. సాసర్లో పోసుకుని మాట మొదలుపెడితే అది చల్లారిపోయేది. మళ్ళీ వేడిచేసుకునేది, మళ్ళీ చల్లారేది. రేడియోలో వార్తలు చదివేవాళ్ళు నమస్కారం అంటే తిరిగి నమస్కారం చెప్పేది. చెప్పకపోతే ఆయనేమనుకుంటాడని ఆమె బాధ.

ఇక అసలు సంగతి. తొంభైలలో మా రోడ్డు పొడుగునా రేకుల షెడ్లు లేచాయి. మా ఊరి పటేలు రోడ్డు పక్క పొలం కొంత అమ్మి, మిగిలిన దాంట్లో తానూ ఒక షెడ్డు వేశాడు. అందులో మిఠాయి డబ్బాలు తయారయ్యేవి. వదిన ఆయన ఇంటికి పోయి, "మా మరిదికి పనియ్యి పటేలా. మాట్లాడడు, పని జేస్తడు" అని అడిగింది. "నాక్కావల్సింది గసొంటోడే" అన్నాడు పటేలు. అదే నా ఉద్యోగానికి జరిగిన రాతకోతలన్నీ. నెల కాగానే పిలిచి చేతిలో జీతం పెట్టేవాడు. హాజరు పట్టీ లేదు, సంతకం లేదు. ఊరి మనిషి దగ్గర ఊరి మనిషి పనిచేస్తుంటే అవన్నీ ఎందుకని ఆయనా అనుకున్నాడు, మేమూ అనుకున్నాం.

నాది పంచింగ్ మిషను. అది నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. తెరిచినప్పుడు అట్ట పెట్టాలి. మూస్తే డబ్బా ఆకారం తెగుతుంది. మళ్ళీ తెరిచినప్పుడు తీయాలి. పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే దాని నోటికి తీరిక ఉండేది కాదు. అలాంటి ఒకరోజు అట్ట వంకరగా పడింది. సరిచేద్దామని చెయ్యి పెట్టాను. మిషను తన పని తాను చేసింది. చూపుడు వేలు, నడిమి వేలు పోయాయి.

పటేలు తన జీపులోనే మేడ్చల్ డాక్టరు దగ్గరకు తీసుకుపోయాడు. దారి పొడుగునా నాకన్నా ఆయనే ఎక్కువ ఏడ్చాడు. కట్టు కట్టించి, ఆ బిల్లు తానే ఇచ్చాడు. ఉన్న మాట చెప్పాలి కదా.

మర్నాడు షెడ్డులో ఒక చిక్కు వచ్చింది. ఆ మిషను దగ్గరకు పోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. రక్తం రుచి చూసిన మిషను మళ్ళీ అడుగుతుందని వాళ్ళ భయం. మా వైపు ఇలాంటివి జరిగితే మైసమ్మను శాంతపరచాలి. షెడ్డు గేటు దగ్గర పటేలే నిలబెట్టుకున్న మైసమ్మ రాయి ఉంది. ఆయన మంచి మేకపోతును తెప్పించాడు. మేం యాట అంటాం. మిషనుకు పసుపు, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టి, అందరి ముందు యాటను కోయించాడు. ఎవరికోసం ఇస్తున్నారో వాళ్ళ పేరు గట్టిగా చెప్పి కోయాలి. నా పేరు చెప్పి కోశారు. ఊళ్ళో నా పేరు అంత గట్టిగా పలికింది అదొక్కసారే. ఆ మధ్యాహ్నం షెడ్డు ముందర అందరికీ భోజనాలు పెట్టారు. మంచంలో ఉన్న నాకు ఒక తొడ పంపించారు. వదిన వండింది. అందరం తిన్నాం. మిషను మళ్ళీ నడిచింది.

నా జీతం మాత్రం నడవలేదు. నెల తిరిగింది, ఇంకో నెల తిరిగింది. కట్టు విప్పలేదు. మేమంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. మా అన్న ఒక్కడి కూలితో రెండు సంసారాల కుండ ఉడకాలి. మా ఆవిడ పిల్లల బడి మాన్పిద్దామనే దాకా వచ్చింది. అప్పుడు వదిన పటేలు ఇంటికి పోయింది. నన్నూ వెంట తీసుకుపోయింది, చెయ్యి చూపించడానికి.

"పటేలా, మావోని జీతం" అంది.

"పని జేస్తే జీతం. పని జెయ్యనోనికి జీతమెట్లిస్తనే?"

"జెయ్యకుంట జేసింది నీ మిషనే గద. మరి దాని జీతం కొయ్యి."

పటేలుకు నవ్వు వచ్చినట్టుంది, కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కొంచెం డబ్బు తీసి, ఇది పట్టుకుని ఊరుకోమన్నాడు. ఆ డబ్బు మందులకు కూడా చాలదు. వదిన దాన్ని అరుగు మీదే పెట్టేసింది. "ఊకునుడు మావోనికి చాతనైతది. నాకు గాదు" అని లేచింది.

ఆమె చెల్లెలు గాజులరామారంలో ఉండేది. అటువైపు ఫ్యాక్టరీలెక్కువ, దెబ్బలు తగిలినవాళ్ళూ ఎక్కువ. వేళ్ళు పోయినవాళ్ళకు ఇంట్లో ఉన్న రోజులకు జీతంలో సగమైనా, పోయిన వేళ్ళకు నష్టపరిహారం అయినా ఇప్పించడానికి పట్నంలో లేబర్ ఆఫీసు ఉందని ఆ చెల్లెలు చెప్పింది. మర్నాడే మమ్మల్నిద్దరినీ బస్సులో చూడాల్సింది. నేను కిటికీ పక్కన చెయ్యి ఎత్తి పట్టుకుని కూర్చున్నాను. బస్సు పట్నం చేరేసరికి నా వేళ్ళ కథ డ్రైవరు దాకా తెలిసిపోయింది.

ఆ ఆఫీసు గుమాస్తా మంచివాడు. దరఖాస్తు రాసిచ్చి, ఏ వేలుకు ఎంత నష్టమో చట్టంలో వేరువేరుగా రాసి ఉంటుందని చెప్పాడు. వదిన ఆశ్చర్యపోయింది. "కూరగాయల లెక్కనే ఉన్నది గద సార్. ఏ వేలు పిరం?"

"బొటనవేలే ఎక్కువ ఖరీదమ్మా. దాని తర్వాత చూపుడు వేలు."

వదిన నావైపు తిరిగింది. "బతికినవ్ పిల్లగా. నువ్వు జిందగీల ఎవ్వలికి ఆ వేలు జూపెట్టలే. కొత్తదాని లెక్కనే కడ్తరు."

గుమాస్తా కలం పక్కన పెట్టి నవ్వాడు. ఆ తర్వాత మేము పోయిన ప్రతిసారీ ఆయన మాకు బెంచీ చూపించేవాడు.

కానీ ఒక మాట గట్టిగా చెప్పాడు. నేను ఆ షెడ్డులో పనిచేశానని, వేళ్ళు అక్కడే పోయాయని రుజువు కావాలి. పటేలు కాదన్నాడంటే అన్నీ అక్కడే ఆగిపోతాయి. ఆఫీసరు ముందు నేను నా నోటితో చెప్పాలి, వదిన చెబితే కుదరదు. ఆ మాట వినగానే నేను గోడ వైపు తిరిగాను. వేళ్ళు పోయిన నాడు కూడా అంత భయపడలేదు.

వదిన నాకు ఇంట్లో శిక్షణ మొదలుపెట్టింది. పీట మీద కాలు మీద కాలు వేసుకుని ఆఫీసరులాగా కూర్చునేది. మా అన్న కళ్ళజోడు పెట్టుకునేది.

"నీ పేరేంది?"

నేను చెప్పేవాణ్ణి.

"నీకు నువ్వే చెప్పుకుంటున్నవా? నాకినబడాలె."

కొంచెం గట్టిగా చెప్పేవాణ్ణి.

"యాడ పని జేస్తవ్?"

ఇక్కడికి వచ్చేసరికి నాకు నవ్వు ఆగేది కాదు. ఆమెకు కోపం వచ్చేది. "ఆఫీసర్‌ను జూసి నవ్వుతవా? లోపలేస్తరు." మా అన్న కూలి నుంచి వచ్చి, పీట మీద వదినను, ఎదురుగా చేతులు కట్టుకున్న నన్ను చూసి, "గియ్యాల గూడ వాయిదానా? నా కండ్లద్దాలియ్యి" అని పెట్టుకుని లోపలికి పోయేవాడు.

వాయిదాలు నిజంగానే చాలా పడ్డాయి. ఒకసారి పటేలు రాలేదు. ఒకసారి ఆయన వకీలు రాలేదు. ఒకసారి అందరూ వచ్చారు, ఆఫీసరుకు వేరే పని పడింది. వదినకు అదేమీ విసుగనిపించలేదు. సజ్జ రొట్టెలు మూటకట్టుకుని వచ్చి, బెంచీ మీద ఉన్నవాళ్ళందరికీ తుంచిపెట్టి, ఎవరికి ఏ దెబ్బ తగిలిందో అడిగి తెలుసుకునేది. కాలు విరిగిన ఒకాయన తన బాధంతా చెప్పుకుని ఏడుస్తుంటే, "ఏడ్వకు. నీ కాలు జాగలనే ఉన్నది గద, మావోని వేళ్ళు యాడున్నయో" అని ఓదార్చింది. ఆయనకు ఓదార్పయిందో లేదో కానీ రెండో రొట్టె అడిగాడు.

చివరికి విచారణ రోజు రానే వచ్చింది. లోపల ఆఫీసరు బల్ల వెనుక కూర్చున్నాడు. సన్నటి మనిషి, నవ్వని మనిషి. ఒకవైపు పటేలు ఇస్త్రీ చొక్కాలో, పక్కన నల్లకోటు వకీలు. ఇంకోవైపు నేను, నా పక్కన వదిన.

"పేరు?" అన్నాడు ఆఫీసరు నన్ను చూసి.

వదిన చెప్పింది.

"ఎక్కడ పనిచేసేవాడివి?"

వదిన చెప్పింది.

ఆఫీసరు కలం దించాడు. "అమ్మా, దెబ్బ తగిలింది ఆయనకా, నీకా?"

"ఆయనకే సార్. గని చెప్పుడు నా పని."

"బయట కూర్చోండి."

వదిన బయటికి పోయింది. కానీ కూర్చోలేదు. బల్ల పక్కనే ఒక కిటికీ ఉంది. రెండు నిమిషాల్లో కిటికీ చువ్వల మధ్య ఆమె ముఖం వచ్చింది. నేను సరిగ్గా చెబితే తల ఊపుతోంది, నసిగితే కళ్ళు ఉరుముతోంది. నేను ఆఫీసరును చూడాలా, కిటికీని చూడాలా తెలియక మధ్యలో గోడ గడియారాన్ని చూస్తూ పేరు చెప్పాను. పంచింగ్ మిషను అని చెప్పాను. వేళ్ళు చూపించాను, అంటే లేని చోటు చూపించాను.

అప్పుడు వకీలు లేచాడు. ఈ మనిషి మా షెడ్డులో ఎన్నడూ పనిచేయలేదు అన్నాడు. మా మిషను దగ్గర ఎవరికీ ఏ ప్రమాదమూ జరగలేదు అన్నాడు. ఇంటి దగ్గర గడ్డి కోసే మిషనులో చెయ్యి పెట్టుకుని, ఊరి పెద్దమనిషి మీద నింద వేస్తున్నాడు అన్నాడు. నేను కిటికీ వైపు చూశాను. పటేలు తల దించుకుని తన చెప్పులు చూసుకుంటున్నాడు.

కిటికీలోంచి వదిన అంది, "సార్, మా ఇంట్ల గడ్డి మిషన్ లేదు. బర్రె సుత లేదు. గడ్డి ఎవల కోసం గోస్తం, మేం తింటానికా?"

ఆఫీసరు కిటికీ వైపు తిరిగాడు. "నువ్వు సాక్షివా అమ్మా?"

"అవ్ సార్."

"అయితే తలుపులోంచి రా."

వదిన లోపలికొచ్చింది. కొంగు నడుముకు దోపుకుంది. నేను అనుకున్నాను, ఇప్పుడు మొదటి నుంచీ చెబుతుంది, సాయంత్రం అవుతుంది అని. కానీ ఆమె ఆఫీసరు వైపు చూడనే లేదు. పటేలు వైపు తిరిగి మెల్లగా ఒక్కమాట అడిగింది.

"పటేలా, మరి యాటనెందుకు గోసినవ్?"

పటేలు తలెత్తాడు.

"ఏ యాట?" అన్నాడు ఆఫీసరు.

"మైసమ్మకిచ్చిన యాట సార్. మిషన్ కాడ, ఊరందరి ముంగట."

వకీలుకు ఈ సంగతి పటేలు చెప్పి ఉండడు. ఆయన చెయ్యి ఊపి తేలిగ్గా తీసేశాడు. "అబద్ధం సార్. ఏ యాటా లేదు. ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు."

"అట్లనకు వకీల్‌సాబ్" అన్నాడు పటేలు.

వకీలు ఆయన చెయ్యి పట్టుకుని ఆపబోయాడు. పటేలు విదిలించుకుని లేచి నిలబడ్డాడు.

"ఇంక ఏమన్న జెప్పు. మనిషి లేడను, షెడ్డు లేదను. గని తల్లికిచ్చింది ఇయ్యలేదనకు. నాకు మనుమలున్నరు."

"అంటే యాటను ఇచ్చారా?" అన్నాడు ఆఫీసరు.

"ఇచ్చిన సార్. మంచి యాట. మస్తు పైసలు వెట్టి తెచ్చిన."

"ఎందుకిచ్చారు?"

పటేలు నుదుటి చెమట తుడుచుకున్నాడు. "మిషన్ల చెయ్యి పడ్డదని."

"ఎవరి చెయ్యి?"

పటేలు నావైపు వేలు చూపించాడు. "గీనిదే. నేను పెట్టుకున్నోడే సార్. మంచోడు."

వకీలు కాగితాలు సర్దుకున్నాడు. కానీ అంత తొందరగా వదిలే మనిషి కాదు. కాసేపు ఆలోచించి ఇంకో దారి పట్టాడు. "సార్, అయితే ఇంకొక విషయం. ఆ యాట మాంసం వీళ్ళ ఇంటికి పంపించాము. వీళ్ళు తీసుకున్నారు, వండుకుని తిన్నారు. వాళ్ళ ఊళ్ళలో కలిసి తింటే రాజీ అయినట్టే. నష్టపరిహారం ఆ రోజే ముట్టింది."

ఆఫీసరు వదినను చూశాడు. "తిన్నారా అమ్మా?"

కాదంటే బాగుండునని లోపల మొక్కుకున్నాను. వదిన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"తిన్నం సార్. ఉప్పు జర ఎక్కువైంది."

"అంటే రాజీ అయినట్టేనా?"

"రాజీకి తినలే సార్. ఆకలికి తిన్నం. నెల ఆఖరు, ఇంట్ల బియ్యం అడుగంటినయ్. రాజీ పడేటోళ్ళమైతే ఇంత దూరం బస్సుల ఎందుకొస్తం, ఇంకో తొడ పంపుమని ఇంట్లనే కూసుంటుంటిమి."

అప్పుడు నవ్వాడు ఆఫీసరు. పళ్ళు కనపడేలా నవ్వాడు, గుమాస్తా కూడా నవ్వాడు, పటేలు కూడా నవ్వి మళ్ళీ తల దించుకున్నాడు. "చట్టంలో జీతమంటే డబ్బే. మాంసం ఇస్తే చెల్లుతుందని ఎక్కడా లేదు వకీలు గారూ" అన్నాడు ఆఫీసరు. తర్వాత నన్ను చూశాడు. "పని లేకుండా ఎంతకాలం ఇంట్లో ఉన్నావు? ఇది నువ్వే చెప్పాలి."

నేను వదిన వైపు చూశాను. ఆమె కొంగు తీసి నోట్లో కుక్కుకుంది. ఆమె మాట ఆపుకోవడానికి అలా చేయగా నేను చూడటం అదే మొదలు.

"సార్," అన్నాను, "పెండ్లిళ్ళ కాలంల పోయినయ్ వేళ్ళు. బోనాలు దాటినంక కట్టిప్పిన్రు. పండుగకు పిల్లలకు బట్టలు తేలే. అప్పటిదాక మా అన్న కష్టం, మా వదినె చెయ్యి, గా రెండే తిన్నం. నాకు నా జీతం గావాలె."

నా జీవితంలో ఇంకొకరి ముందు నేను అంత మాట్లాడింది లేదు. ఆఫీసరు తల వంచి రాసుకున్నాడు. బయటికి వచ్చాక వదిన నా వీపు మీద ఒక్కటిచ్చింది. "మస్తు మాట్లాడినవ్ పిల్లగా. ఇంకొద్దిసేపైతే ఊకోమందురు." అలా అని ఆఫీసు మెట్ల మీద కూర్చుని, కొంగుతో ముఖం కప్పుకుని చాలాసేపు లేవలేదు. నేను పక్కన నిలబడ్డాను. "పని వెట్టిచ్చింది నేనే గద పిల్లగా" అంది కొంగులోంచి. వేళ్ళు పోయింది తన వల్లే అని ఆమె అన్నాళ్ళూ లోపల పెట్టుకుందని నాకు అప్పుడే తెలిసింది. "నీ వల్ల గాదు వదినే" అన్నాను. "సరే, ఇయ్యాల్టికి నీ మాటలు అయిపోయినయ్, ఊకో" అంది.

తీర్పు మాకే వచ్చింది. ఇంట్లో ఉన్న రోజుల తాలూకు సొమ్మూ వచ్చింది, వేళ్ళ సొమ్మూ వచ్చింది. పిల్లల బడి ఆగలేదు. పటేలు డబ్బు కట్టిన వారానికి స్వయంగా మా ఇంటికి వచ్చాడు. గడపలో నిలబడి, "ఓయ్, డబ్బాలు లెక్కవెట్టి కట్టలు గట్టే పనున్నది. ఎడమచేత్తో సుత జెయ్యొచ్చు. వస్తవా?" అన్నాడు. నేను వదిన వైపు చూశాను. "వస్తడు పటేలా, గని ఈసారి కాయితం రాస్కుందం" అంది. రాసుకున్నాం. ముసలివాడినయ్యే దాకా అక్కడే చేశాను. ఆయన నన్ను ఒక్కమాట కూడా అనలేదు. మైసమ్మ దగ్గర మాత్రం నాకన్నా ఎక్కువ సేపు దండం పెట్టేవాడు.

ఆ తర్వాత మా వదిన కథ మారిపోయింది. ఎక్కడ ఎవరికి దెబ్బ తగిలినా మా ఇంటికి వచ్చేవాళ్ళు. కండ్లకోయ వైపు పెద్ద పెద్ద బిల్డింగులు లేస్తున్న రోజుల్లో సెంట్రింగ్ మీద నుంచి పడినవాళ్ళు వచ్చారు, ఇటుక బట్టీల ఆడవాళ్ళు వచ్చారు. ఆమె వాళ్ళకు చాయ్ పోసి, తన చాయ్ చల్లార్చుకుని, మొదట ఒక్కటే అడిగేది. "మీ సేటు యాట గోసిండా లేదా?" కోశాడంటే ఆమె ముఖం వెలిగిపోయేది. సగం కేసు గెలిచినట్టే లెక్క. కోయలేదంటే, "కనీసం గుమ్మడికాయన్న కొట్టిండా? నిమ్మకాయలన్న కట్టిండా? ఎవలి పేరు జెప్పి కట్టిండు?" అని గుచ్చి గుచ్చి అడిగేది. ఎక్కడో ఒకచోట భయపడే ఉంటాడని ఆమె నమ్మకం. అది ప్రతిసారీ నిజం కాలేదు. కొందరికి డబ్బు వచ్చింది, కొందరికి రాలేదు. రానివాళ్ళు కూడా మళ్ళీ వచ్చి చాయ్ తాగి పోయేవాళ్ళు. ఒకరితో అంటుండగా విన్నాను: "ఆఫీసర్ ముంగట తల వంచకు. నీ కాలిరిగింది, మెడ గాదు."

మోకాళ్ళు పట్టుకుపోయిన తర్వాత కూడా షేర్ ఆటోలో ఇరుక్కుని పోయేది. డ్రైవరుకు దారి చెబుతూ, పక్కవాళ్ళకు చట్టం చెబుతూ. సగం చట్టం ఆమె సొంతంగా చేసిందే. కానీ వినేవాడికి ధైర్యం వచ్చేది, నాకు వచ్చినట్టు.

ఆమెను మట్టిలో పెట్టిన రోజు ఎండ బాగా ఉంది. మా ఇంటివాళ్ళం, ఊరివాళ్ళం అయిన తర్వాత కూడా మనుషులు వస్తూనే ఉన్నారు. ఎవరో నాకు తెలియదు. మేడ్చల్ బస్సు దిగి కొందరు, ఆటోల్లో కొందరు. ఒకామె కర్ర మీద వచ్చింది. వరుసలో ఒక్కొక్కరే వంగి పిడికెడు మట్టి తీసుకుని వేస్తున్నారు. ఒకాయనకు బొటనవేలు లేదు. ఒకాయన మణికట్టు వంకర తిరిగి ఉంది. ఒకామె అరచెయ్యి సగమే ఉంది. పిడికిలి నిండా మట్టి తీసుకున్నా, గుంత దాకా వచ్చేలోపల సందుల్లోంచి జారిపోతోంది. మళ్ళీ వంగుతున్నారు, మళ్ళీ తీసుకుంటున్నారు. ఎవరూ తొందరపడలేదు. ఎండలో ఆ మట్టి వేళ్ళ సందుల్లోంచి సన్నగా రాలుతూనే ఉంది.

వాళ్ళను పేర్లు అడగడానికి నాకు నోరు రాలేదు. మా అన్న కూడా అడగలేదు. మీలో ఎవరైనా ఆ వరుసలో ఉన్నవారుంటే, లేదా ఎప్పుడైనా ఆమె వెంట ఆ ఆఫీసుకు పోయినవారుంటే, మీ పేరు రాయండి, ఆమె మీతో అన్న మాట ఏదైనా ఒకటి రాయండి. పత్రికకు పంపినా నాకు చేరుతుంది. తప్పుల గురించి ఆలోచించకండి, నావి చూశారు కదా. జర జల్దీ రాయండి. ఎవలన్న రాసిన్రా అని మా అన్న రోజూ అడుగుతున్నాడు.